లక్ష సీట్ల స్టేడియం, రైలు మాత్రం రాదు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం నడిమధ్యన స్టేట్ కాలేజ్ అనే ఊరు, పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది ఇక్కడే. ఊరి జనాభా 40 వేల పైచిలుకు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు లక్షకు పైనే! మరి అంత జనం వచ్చేదెలా? ఊళ్లో రైల్వే స్టేషనే లేదు. రైలెక్కాలంటే కొండలు దాటి లూయిస్‌టౌన్ పోవాలి. అక్కడ ఆగే రైళ్లెన్ని? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. తప్పిపోయిందా, రేపు రండి!

ఇంకేం, అందరూ కార్లే. మ్యాచ్ రోజు పాల కోసం బయల్దేరినా టెన్షనే. ఆట ముగిశాక పార్కింగ్‌లోంచి రోడ్డెక్కేసరికే తెల్లారుతుందేమో అనిపిస్తుంది. హోటల్ రేట్లా? అడక్కండి. కారు లేని మన స్టూడెంట్ల గతేంటి? సెలవులొస్తే బస్సు టికెట్టే గగనం. స్టేడియం బాగుచేయడానికి 2024లో యూనివర్సిటీ వాళ్లు 70 కోట్ల డాలర్లకు సరే అన్నారు. రైలంటే మాత్రం ఎవరికీ వినపడదు!