పట్నం పుట్టినరోజున ఉట్టి కట్టండి, శాలువాలు చాలు

మద్రాస్ పుట్టినరోజు ఆగస్టు 22 దగ్గర పడుతోందంటే చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకే ముక్క తిరుగుతుంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి సముద్రపొడ్డున కాస్త నేల ఇచ్చాడు, ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరే చెన్నపట్నానికి వచ్చింది, కాబట్టి ఈ ఊరు మనది. ఆ వారాంతంలో ఒక సభ. దీపం వెలిగించడం, వక్తలు, వరసగా శాలువాలు, చివర పులిహోర పొట్లం. పిల్లలు మొదటి ఉపన్యాసం సగంలోనే ఫోన్లలో మునిగిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు.

'మద్రాస్ మనదే' అన్న నినాదం 1950ల మొదట్లో ఎంత వేడెక్కిందో, 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది ఈ ఊళ్లోనే అన్న సంగతీ తెలిసినవాళ్లకు, ఆ సభలు అలా ఎందుకు తయారయ్యాయో విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ పుట్టినరోజు పండగను దస్తావేజు పరిశీలనగా మార్చేస్తే దానికి వచ్చేది దస్తావేజులు చదివేవాళ్లే.

నిజానికి మద్రాస్ డే అనే ఏర్పాటే తేలికగా ఉండాలని పుట్టింది. 2004లో చరిత్రకారుడు ఎస్. ముత్తయ్య, పాత్రికేయులు శశి నాయర్, విన్సెంట్ డిసౌజా కలిసి మొదలుపెట్టారు. ఎవరి వీధిలో వాళ్లు, ఎవరి ఖర్చుతో వాళ్లు జరుపుకోవచ్చు. పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు, బడ్జెట్టూ రాదు. చెన్నై పెద్ద నగరమే గానీ మైలాపూర్, ట్రిప్లికేన్, పెరంబూర్ వంటివి దేనికది ఒక చిన్న ఊరు. పండగ ఆ కొలతకు తగ్గట్టు ఉంటేనే కుదురుతుంది. ఇక తేదీ పట్టింపు అంటారా, దొరికిన దానపత్రం ప్రతుల్లో ఉన్నది జులై 22. ఆ తేదీకి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరనే లేదు కనుక ఆగస్టు 22 అని తర్వాతివాళ్లు సరిచేసుకున్నారు. తేదీయే సర్దుబాటు చేసుకున్నప్పుడు దగ్గరి ఆదివారానికి జరిపితే కొంప మునిగేదేమీ లేదు.

అయితే ఏ ఆటలు పెట్టాలి? ఎవరు గెలిచారన్నది ఇక్కడ కొలమానం కాదు. అందరికన్నా ముందు ఓడిపోయినవాడు పావుగంట తర్వాత ఎక్కడున్నాడో చూడాలి. అక్కడే నిలబడి కేకలు వేస్తుంటే మంచి ఆట, లిఫ్టులో ఉంటే చెత్త ఆట. ఈ లెక్కన అన్ని అపార్ట్‌మెంట్లలోనూ రాజ్యమేలుతున్న మ్యూజికల్ చైర్స్ మొదట ఎగిరిపోతుంది. ఇరవై మందితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే అరగంట దాకా సాగుతుంది. చివరికి ఇద్దరు ఆడుతుంటారు, మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. పైగా ప్లాస్టిక్ కుర్చీ మీద ఇద్దరు ఒకేసారి పడితే కాళ్లు విచ్చుకుని కూలుతుంది. పెట్టి తీరాలంటే కుర్చీల బదులు నేల మీద సుద్దతో వలయాలు గీయండి, రౌండుకు ముగ్గురిని తీసేయండి, పాట ఆపే పని ఓడినవాళ్లకే ఇవ్వండి.

దీనికి నేరుగా వ్యతిరేకం స్లో సైకిల్ పోటీ. మనిషికో మీటరు వెడల్పు బాట, పదిహేను మీటర్ల దూరం. కాలు నేలకానితే అవుట్, అందరికన్నా చివర చేరినవాడు విజేత. వేగంగా తొక్కే కుర్రాళ్లు బోల్తా పడతారు, రోజూ బజారుకు సైకిల్ మీద వెళ్లే తాతగారు గెలుస్తారు. ఖర్చు ఒక సుద్దముక్క.

అన్నిటిలోకీ ఉట్టి మేలు. కృష్ణాష్టమి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి కుండలు దొరకడం కష్టం కాదు, తమిళ ఇరుగుపొరుగుకు 'ఉరియడి' కొత్తా కాదు. కానీ నిర్లక్ష్యంగా కడితే అన్నిటికన్నా ప్రమాదకరమూ ఇదే. తాడును బాల్కనీ గ్రిల్లుకు కట్టకూడదు. పాత భవనాల్లో గ్రిల్లు నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంటుంది, కుదుపుకు ఊడి వస్తుంది. పిల్లరుకో, లోతుగా పాతిన గుంజకో కట్టాలి. పైన కరెంటు తీగ ఉంటే ఆ చోటు వదిలేయాలి. మధ్యలో బావి గిలక ఒకటి బిగిస్తే కుండ సాఫీగా పైకీ కిందికీ ఆడుతుంది. నాలుగు లీటర్లు పట్టే కుండ తీసుకుని సగమే నింపండి. నిండా నింపితే కుండతో కలిపి ఆరు కిలోల దాకా తూగుతుంది, అది నెత్తిన పడితే నవ్వులాట అక్కడితో సరి. పసుపు నీళ్లు చాలు, చిల్లర నాణేలు వద్దు. కుండను ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో పెట్టి కట్టండి. పగిలినప్పుడు నీళ్లు కురుస్తాయి, పెంకులు చాలావరకు వలలోనే ఉండిపోతాయి. వట్టి కాళ్లతో పరిగెత్తే పిల్లలున్న చోట ఈ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

కర్ర నాలుగడుగులు ఉంటే చాలు. చెమటకు చేయి జారి కర్ర జనం మీదకు ఎగరడం మామూలుగా జరిగేదే, అందుకని చివర రంధ్రం చేసి తాడు వేసి మణికట్టుకు తగిలించాలి. కర్ర నాలుగు, చెయ్యి రెండున్నర, తడబడి వేసే అడుగు మూడు. కలిపితే తొమ్మిదిన్నర అడుగులు. కాబట్టి కుండ కింది నుంచి పన్నెండడుగుల దూరంలో వలయం గీసి జనాన్ని దాని బయట ఉంచాలి. కళ్లకు పల్చటి చున్నీ కడితే అంతా కనిపిస్తుంది, నూలు తువ్వాలు రెండు మడతలు వేయాలి. మూడు చుట్లు తిప్పి వెంటనే వదలాలి. తిరగడం ఆగినా చెవిలోపలి ద్రవం ఇంకాసేపు కదులుతూనే ఉంటుంది, ఆ కొద్ది క్షణాలే మనిషిని గేటు వైపు నడిపిస్తాయి. పెద్ద వయసువాళ్లను, బీపీ ఉన్నవాళ్లను మాత్రం తిప్పొద్దు, గంతలు కట్టి వదిలితే చాలు. టైల్స్ వేసిన పార్కింగులో నీళ్లు చల్లితే కాళ్లు జారతాయి, మట్టి నేలే వెతుక్కోవాలి.

ఆట పండేది తాడు లాగే మనిషి చేతిలో. మొదటి దెబ్బకే కుండ పగిలితే వరసలో ఉన్నవాళ్లంతా ఉసూరుమంటారు. చిన్నపిల్లలకు కాస్త దించి, జిమ్ కుర్రాళ్లకు చటుక్కున ఎత్తేసే చతురత ఉన్నవాళ్లకే ఆ పని అప్పగించాలి. మూడు కుండలు సిద్ధంగా ఉంచుకోవాలి. గురి తప్పినవాడు ఎక్కడికీ పోడు. వలయం దగ్గర నిలబడి తర్వాతివాడికి తెలుగులో, తమిళంలో తప్పుడు దారి చెబుతూ గొంతు చించుకుంటాడు. ఆట మంచిదనడానికి ఇంకేం కావాలి?

టగ్ ఆఫ్ వార్‌ది ఇంకో రకం చిక్కు. ఎ బ్లాక్‌కీ బి బ్లాక్‌కీ మధ్య పెట్టి, ఇటు పదిమంది అటు పదిమంది అని తల లెక్కతో సరిపెడతారు. తాడుకు తలలతో పని లేదు, బరువుతోనే పని. అంతర్జాతీయ పోటీల్లో జట్టుకు ఎనిమిది మందే, విభాగాలు జట్టు మొత్తం బరువును బట్టి. తాడు చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు, పొడవు కనీసం 33.5 మీటర్లు. మధ్యలో ఒక గుర్తు, దానికి అటూ ఇటూ నాలుగు మీటర్ల దూరంలో ఒక్కో గుర్తు, అవతలి జట్టును ఆ నాలుగు మీటర్లూ లాగితేనే గెలుపు. పండగలో అందరినీ కాటా ఎక్కించి బరువు చదివితే మాత్రం సాయంత్రానికి గొడవలే. అందుకు చక్కటి ఉపాయం ఉంది. మొదటి లాగుడులో ఓడిన జట్టు అవతలి జట్టు నుంచి తమకు నచ్చిన మనిషిని ఎంచుకుని, తమలో ఒకరిని ఇస్తుంది. సాధారణంగా బ్లాకులో అందరికన్నా భారీ మనిషి అటూ ఇటూ మారుతూ ఉంటాడు, ఆయన ఖరీదు పెరుగుతూ ఉంటుంది. మూడింట రెండు గెలిచినవాళ్లదే తాడు. చేతికి, నడుముకు తాడు చుట్టుకోనివ్వకండి, తాడు ఒక్కసారి బిగిస్తే వేళ్లు నలుగుతాయి. 'అందరం ఒక్కసారిగా వదిలేద్దాం' అనే చిలిపివాడు ప్రతి జట్టులోనూ ఉంటాడు. ఎదుటివాళ్లు తలకాయలు పగలగొట్టుకుంటారని వాడికి ముందే గట్టిగా చెప్పాలి.

ముగ్గుల పోటీ పొద్దున్నే పెట్టాలి. ఆగస్టు చివర సూర్యోదయం ఆరింటికి కాస్త అటూ ఇటూ. ఆరున్నరకు మొదలుపెడితే ఎనిమిదిలోపు, ఎండా కార్లూ రాకముందే ముగుస్తుంది. సాయంత్రం నమ్మకానికి వీల్లేదు, ఉరుముల వాన ఎప్పుడైనా దిగుతుంది. నాలుగడుగుల చదరం, ముప్పావుగంట. సిమెంటు నేల మీద నీళ్లు చల్లి, తడి పూర్తిగా ఆరకముందే వేస్తే పిండి పట్టుకుంటుంది. మరీ తడిగా ఉంటే ముద్దకడుతుంది, పూర్తిగా పొడిగా ఉంటే గాలికి లేస్తుంది. రంగులు నిషేధించి తెల్లపిండితో చుక్కల ముగ్గే వేయమంటే డబ్బు పెట్టి రంగులు కొన్నవాళ్లకు లాభం ఉండదు, చెయ్యి తిరిగినవాళ్లు బయటపడతారు.

పెద్దవాళ్లకు నీడలో అష్టాచెమ్మా. గవ్వలు నాలుగు, గళ్లు ఇరవై అయిదు. తగువు ఆటలో రాదు, నియమాల్లో వస్తుంది. కాయ లోపలికి పోవాలంటే ముందు ఎదుటివాళ్ల కాయను చంపాలా అక్కర్లేదా, వరసగా మూడు చెమ్మాలు పడితే లెక్క నిలుస్తుందా పోతుందా? నెల్లూరువాళ్లది ఒకటి, గోదావరివాళ్లది ఒకటి. కాగితం మీద అయిదు నియమాలు రాసి గోడకు అంటించేయండి.

చరిత్ర వద్దనడం లేదు. అదీ కాళ్లతో నడిచి తెలుసుకుంటే బాగుంటుంది. ఆదివారం పొద్దున జార్జ్ టౌన్‌లో రద్దీ తక్కువ. కంపెనీకి దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే మధ్యవర్తిగా పనిచేసిన బేరి తిమ్మప్ప పేరుతో ముడిపడిన చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు అక్కడే ఉన్నాయి. సెయింట్ జార్జ్ కోట దగ్గరున్న పాత గుడిని 1757లో పడగొట్టాక ఇక్కడ మళ్లీ కట్టినవి. పదిహేను మంది చొప్పున జట్లు, కిలోమీటరున్నర దారి, వెతికి పట్టుకోవాల్సిన ఆరు ఆధారాలు. ఆధారం దుకాణం బోర్డు మీద పెట్టొద్దు, ఆదివారం షట్టరు దించితేనో, ఎవరైనా బ్యానరు కడితేనో పోయినట్టే. గోపురం, రాతి స్తంభాలు, వీధి మలుపు వంటి కదలనివే వాడాలి.

మైకు రాత్రి పదికల్లా ఆగిపోవాలి, చట్టమే అది. నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55 డెసిబెల్స్. అసలు ఈ ఆటలన్నిటికీ ఒక ఈల, ఒక చేతి మెగాఫోన్ సరిపోతాయి.

డబ్బు సంగతి. వినాయక చవితి ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, చందా పుస్తకం రెండుసార్లు తలుపు తడితే ఎవరికైనా విసుగే. సైకిళ్లు, గవ్వలు ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాయి. గిలక, పాత కర్రలు వాచ్‌మన్ గదిలో దొరుకుతాయి. గెలిచినవాళ్లకు స్టీలు గ్లాసు, ఓడినవాళ్లకూ అదే గ్లాసు. తాడు మాత్రం కొనాల్సిందే, అదీ నూలుదో మనీలాదో. నైలాన్ సాగి సాగి తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. షామియానావాడు అద్దెకిచ్చే తాడు అంతకుముందు ఎన్ని టెంట్లు మోసిందో వాడికే తెలియదు.