లోపలి గడియ

అలిపిరి దగ్గర కాపురముంటున్న మా బావగారికి, బెంగుళూరు ఉద్యోగానికి వెళుతూ కొడుకు అప్పగించిన ఆస్తి ఒక ఆకుపచ్చ ఇగ్వానా, అంటే ఉడుములా కనిపించే పెద్ద బల్లి. దాని పొడవు నాలుగడుగులు, అందులో సగానికి మించి తోకే. ఉడుమును ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం గానీ, ఇది విదేశీ జీవి కనుక కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించి, ఆ కాగితాన్ని బావగారు ఇంటి దస్తావేజుల పక్కనే బీరువాలో భద్రపరిచారు. వారి తల్లిగారైన మా అత్తయ్య మాత్రం చట్టంతో నిమిత్తం లేకుండా దాన్ని ఉడుమనే పిలిచేవారు.

గాజుపెట్టెను కిటికీ పక్కన పెట్టినా, ఎముకల పుష్టికి కావలసిన అతినీలలోహిత కిరణాలను గాజు అడ్డుకుంటుందని పశువైద్యుడు చెప్పడంతో పెరట్లో పంజరం లేచింది. కోళ్లగూటి వలలో గోళ్లు ఇరుక్కుంటాయని అరంగుళం కన్నుల వెల్డ్‌మెష్ తెప్పించారు. తవ్వుకుని పారిపోకుండా దాన్ని అడుగు లోతున పాతించారు. 40 డిగ్రీలు దాటే మా తిరుపతి ఎండకు సగం కప్పు మీద నీడవల పరిపించారు. శేషాచలం నుంచి దిగివచ్చే కోతులకు ఇగ్వానా మీద కాకపోయినా దాని పళ్లెంలోని మందారపూల మీద కన్నుంటుంది కాబట్టి పైన కూడా మెష్ బిగించారు. ఇవన్నీ చాలవన్నట్టు ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు, రెంటికీ స్ప్రింగులు, తమంతట తామే పడే గడియలు.

ఆ గడియలను వెల్డింగు మేస్త్రి బయటివైపే పెట్టాడు. లోపలివైపు సంగతేమిటని నేనడిగితే, "లోపలుండేది బల్లి కదా సామీ, దానికి గడి ఏంటికి?" అన్నాడు. బావగారు మెచ్చుకోలుగా తల ఊపారు.

అక్కా, అత్తయ్యా గోవిందరాజస్వామి గుడికి వెళ్లిన ఉదయం, బావగారు ఫోను ఇంట్లోనే వదిలి, మునగాకు పళ్లెంతో పంజరంలోకి ప్రవేశించారు. వెనుక రెండు తలుపులూ టక్కుటక్కున పడ్డాయి. కన్నంలో దూర్చిన చిటికెనవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది, గడియేమో ఇంకా జానెడు దూరంలో ఉంది. ఇగ్వానాలు ఎండ కాచుకోవడానికి అందుబాటులో ఉన్న ఎత్తైన చోటు వెతుక్కుంటాయి. ఎక్కడానికి పెట్టవలసిన కొమ్మలు ఇంకా బిగించనందున, ఆ పూటకు బావగారి తలకు మించిన ఎత్తైన చోటు దానికి దొరకలేదు.

కాఫీకని నేను వెళ్లేసరికి ఆయన ధ్వజస్తంభంలా నిలబడి ఉన్నారు. ముక్కు పక్కగా వేలాడుతున్న తోకను ఓరకంట చూస్తూ, "గట్టిగా మాట్లాడకు, బెదిరితే దీంతోనే కొడుతుంది" అన్నారు పెదవులు కదపకుండా. నేను గడియలు తీసి, దాన్ని మునగాకుతో బతిమాలి దించుతుండగా అత్తయ్య వచ్చారు. ఇన్నాళ్ల ఉడుము ఆ క్షణాన బల్లి అయిపోయింది.

"నెత్తిన పడిందా, తనే ఎక్కిందా?" అని ఆవిడ విచారణ మొదలుపెట్టారు. ఎక్కిందనే బావగారు వాదించారు గానీ, దిగేటప్పుడు భుజం మీదికి జారింది కాబట్టి అది పడినట్టేనని తీర్పు వచ్చింది. ఆ వారంలోనే కంచి వరదరాజస్వామి గుడికి వెళ్లి, బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకి వచ్చారు.

తర్వాత మేస్త్రిని పిలిపించి లోపలివైపు కూడా గడియలు పెట్టమంటే, అది కొత్త పని కిందికి వస్తుందని ముందుగా కూలి మాట్లాడుకున్నాడు. ఆపైన ఇగ్వానా వంక అనుమానంగా చూసి, "పెడతా సామీ, రేపు అదే గడి తీసుకోని ఎల్లిపోతే మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు.