సముద్రపు అడుగు కొలవకుండా కాంక్రీటు దించితే...

మన తీరంలో కృత్రిమ దిబ్బల పేరుతో కాంక్రీటు దిమ్మెలు దించే ముందు, అడుగున ఏముందో కొలవాలని నా వాదన. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో లక్షద్వీప్‌లో ఉన్నట్టు పగడపు దిబ్బలు (పగడాలనే చిన్న సముద్రజీవులు కట్టుకునేవి) లేవు. ఇక్కడ వాటికి అడ్డు వేడి కన్నా మంచినీరు, బురద. పగడాలు దిబ్బ కట్టాలంటే కిలో సముద్రపు నీటిలో సుమారు 32 గ్రాములైనా ఉప్పుండాలి. వానాకాలం వెళ్లాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది వదిలిన నీరు తీరం వెంబడి దక్షిణానికి పారే ప్రవాహంలో కలిసి ఇచ్ఛాపురం మీదుగా మన ముందు నుంచే దిగిపోతుంది. దానికి బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి తోడు. అక్టోబరు, నవంబరుల్లో పైనీటి ఉప్పదనం 30 గ్రాములకు దిగువకు పడిపోవడం ఈ తీరానికి కొత్త కాదు. బురద సంగతి ఇంకోటి. చదరపు సెంటీమీటరుకు రోజుకు 10 మిల్లీగ్రాములు దాటి మట్టి పేరుకుంటే, ఒంటిమీద పడ్డదాన్ని జిగురుతో తోసుకోవడానికే పగడం శక్తంతా సరిపోతుంది. ఎదగడానికి ఏం మిగలదు.

దిబ్బలు లేవు కాబట్టి మనకు సంబంధం లేదనుకోవడం మాత్రం పొరపాటు. రాయి దొరికిన చోట దిబ్బ కట్టని మెత్తటి పగడాలు, విసనకర్రలా విచ్చుకునే పగడాలు, స్పాంజీలు పట్టుకుని పెరుగుతాయి. చేపలు అక్కడే చేరతాయి. విజయనగరం తీరంలోని చింతపల్లి దీపస్తంభం కట్టిందే సముద్రంలోని రాళ్ల గురించి ఓడలను హెచ్చరించడానికి. ఆ రాళ్ల మీద ఇవాళ ఎంత ప్రాణముందో చెప్పే లెక్కలు, ఏటేటా ఒకేచోట తీసినవి, మన ముందుండాలి.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2011 నుంచి పగడాల తెల్లబాటుపై హెచ్చరికలిస్తోంది. అవి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్, మన్నార్ దిబ్బల కోసం. లెక్క సులువే: వేసవిలో అత్యంత వేడి నెల సగటు కన్నా నీరు 1 డిగ్రీ, ఆపైన ఎన్ని డిగ్రీలు పెరిగి ఎన్ని వారాలు నిలిచిందో, ఆ రెంటినీ హెచ్చవేసి గడిచిన 12 వారాలకు కూడతారు. 2 డిగ్రీల పెరుగుదల 2 వారాలు నిలిస్తే మొత్తం 4. అక్కడి నుంచి పగడం తనలో కాపురముండే నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. 8 దాటితే చావులు మొదలవుతాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి తెల్లబాటును ప్రకటించారు. ఉపగ్రహం చూసేది నీటి పైపొరనే. 15 మీటర్ల లోతున రాయి దగ్గర ఎంతుందో తెలియాలంటే, గంటగంటకూ ఉష్ణోగ్రత రాసుకునే చిన్న పరికరాన్ని అక్కడే బిగించి వదలాలి.

ఈ కొలతలేవీ లేకుండానే కృత్రిమ దిబ్బల పేరుతో కాంక్రీటు దిమ్మెలు దించుదామంటే నాకు అభ్యంతరం. దిమ్మె చెడ్డది కాదు. గట్టి ఇసుక అడుగున సరిగ్గా పెడితే చేపలు చేరతాయి, అడుగును గీకుతూ మరబోటు లాగే ట్రాల్ వల అటు రాదు. నది ముఖం దగ్గరి మెత్తటి బురదలో పెడితే మాత్రం కొన్నాళ్లకే కూరుకుపోతుంది. పైగా చేరిన చేపంతా ఒక్కచోటే దొరుకుతుంది కాబట్టి, పట్టుకు హద్దు లేకపోతే అది చేపల్ని పెంచే చోటు కాదు, ఊడ్చుకుపోయే చోటు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది. ముందు దాన్ని అమలు చేయడం కాంక్రీటు కన్నా చవక.

కొలత పెద్ద ఖర్చు పనేం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు తేరుకున్నప్పుడు రాతి మీద 20 మీటర్ల టేపు పరిచి, ప్రతి అర మీటరుకూ దాని కింద ఏముందో రాయాలి: పగడమా, స్పాంజీయా, నాచా, ఒట్టి రాయా, ఇసుకా, తెగిపడ్డ వలా. ఇలాంటి టేపు వరుసలు కనీసం నాలుగు. టేపు పరిచాక 15 నిమిషాలు కదలకుండా ఆగి అప్పుడే చేపల్ని లెక్కపెట్టాలి, లేదంటే బెదిరి పారిపోయినవి లెక్కలోకి రావు. ఎక్కువ సర్వేలు చెడేది మాత్రం ఇంకోచోట. మరుసటి ఏడు అదే రాయి దొరకదు. జీపీఎస్ నాలుగైదు మీటర్లు తప్పుతుంది, ఆ తేడాలో రాయి పోయి ఇసుక వస్తుంది. మొదటి రోజే టేపు రెండు కొసలా ఇనుప మేకులు దిగ్గొట్టాలి. ప్రవాహానికి టేపు విల్లులా వంగినా అంకెలు తప్పే.

నీటి తేట కొలవడానికైతే అడుగు వెడల్పు తెల్లటి పళ్లెం, మీటరు మీటరుకూ ముడులేసిన తాడు చాలు. కనబడకుండా పోయిన లోతు రాసుకోవడమే. భావనపాడు, కళింగపట్నం, కోనాడల్లో వారానికోసారి తెప్ప మీద నుంచి దించితే, తిత్లీ లాంటి తుపాను వరద తర్వాత నీరు తేరుకోవడానికి ఎన్ని వారాలు పడుతుందో లెక్కగా తేలుతుంది. పళ్లెం దించాల్సింది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, నీడ పడే వైపు నుంచి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ట్రాల్ వలలు అడుగును గీకవు. నిషేధానికి ముందు వారం ఒకసారి, అది ముగిసేలోపు ఒకసారి అవే మేకుల మధ్య కొలిస్తే, వల వల్ల ఎంత పోతోందో, బురద వల్ల ఎంత పోతోందో విడదీయడం మొదలవుతుంది. జూన్‌లో అలలు లేచేలోపే ఆ రెండో కొలత అయిపోవాలి.