ఎదురుకాళ్లు అనగానే కత్తేనా?

36వ వారం స్కాన్‌లో బిడ్డ తల పైన, పిరుదులు కింద కనబడ్డాయంటే చాలు, ఫైలు మీద ఆపరేషన్ తేదీ పడిపోతుంది. "బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, ఇక సిజేరియనే" అంటారు. ఆ తల్లి మారుమాట్లాడదు. ఇంకో దారి ఉందని తెలిస్తే కదా మాట్లాడటానికి! ఉంది. పొట్ట మీద చేతులు వేసి బిడ్డ తలను కిందికి తిప్పే పద్ధతి. డాక్టర్లు ఈసీవీ అంటారు. కోత లేదు, పూర్తి మత్తు అక్కర్లేదు, చేతులతో తిప్పే పని కొన్ని నిమిషాలే. దాని ఊసెత్తకుండా తేదీ రాసివ్వడం ఎంత మామూలైపోయినా తప్పే.

ముందు కంగారు తగ్గించే మాట. 28వ వారంలో నలుగురైదుగురిలో ఒకరి బిడ్డ ఎదురుకాళ్లతోనే ఉంటుంది. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురో నలుగురో. కాబట్టి ఏడో నెల రిపోర్టులో ఆ మాట చూసి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు మరీ ఎక్కువో తక్కువో కావడం, గర్భసంచిలో గడ్డలు, సంచి ఆకారంలో తేడా కారణం కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. తల్లి ఏ పక్కకు పడుకుంది, ఏ పని చేసింది అని ఆరాలు తీసి ఆమెను నిందించడం అన్యాయం. మోకాళ్ల మీద వంగి నడుము ఎత్తి పెట్టే వ్యాయామాలతో బిడ్డ తిరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. వాటిని నమ్ముకుని రోజులు గడిపేయకూడదు.

గుర్తించడంలోనే చాలాసార్లు పొరపాటు జరుగుతుంది. పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా, వేలితో తడితే బంతిలా అటూ ఇటూ ఆడేది తగిలితే అది తల. తన్నులు కింద, మూత్రాశయం దగ్గర తెలుస్తాయి. గుండె చప్పుడు బొడ్డుకు పైన బాగా వినిపిస్తుంది. కానీ కాళ్లు నిటారుగా చాచి పాదాలు మొహం దగ్గర పెట్టుకున్న బిడ్డ పిరుదులు కటిలోకి దిగిపోతే, అనుభవమున్న చేతికి కూడా అవి తలలాగే తగులుతాయి. అందుకే అనుమానం ఉన్నా లేకపోయినా 36వ వారంలో స్కాన్ చేయాలి. ఆ సంగతి నొప్పులు మొదలయ్యాక బయటపడితే తిప్పే అవకాశం దాదాపు చేజారినట్టే.

ఇక తిప్పడం. తొలిచూలుకు 36 వారాలు నిండాక, అంతకుముందే కాన్పయినవారికి 37 నిండాక చేస్తారు. అంతకన్నా ముందే తిప్పితే బిడ్డకు మళ్లీ వెనక్కి తిరిగే చోటు ఉంటుంది. పైగా ఏదైనా తేడా వచ్చి వెంటనే బయటికి తీయాల్సివస్తే నెల తక్కువ బిడ్డ ఇబ్బంది పడుతుంది. ఇది ఆపరేషన్ థియేటర్ అందుబాటులో ఉన్న ఆస్పత్రిలో, నేర్చిన డాక్టరు చేయాల్సిన పని. ఇంట్లో ఎవరో నూనె రాసి పొట్ట తోమి తిప్పడం ప్రాణాల మీదికి తెస్తుంది. మాయ ఊడిపోవచ్చు, బిడ్డ గుండె మందగించినా తెలిసే వీలుండదు.

ముందు స్కాన్‌లో బిడ్డ తీరు, మాయ చోటు, ఉమ్మనీరు చూస్తారు. సీటీజీ, అంటే బిడ్డ గుండె చప్పుడును గీతలుగా చూపే యంత్రం పెట్టి, గుండె లయ బాగుందని తేల్చుకుంటారు. మూత్రం పోసి రావాలి. గర్భసంచి సడలడానికి టెర్బుటలైన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తారు. దాంతో తల్లికి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. అది మందు గుణమే, కాసేపట్లో పోతుందని ముందే చెప్పకపోతే ఆమె ఏదో అయిపోతోందని బెదిరిపోతుంది. గుండె జబ్బు ఉంటే ఈ మందు వాడరు.

తిప్పడమంటే తలను తోయడం అనుకుంటారు. తల పని తర్వాత, మొదటి పని పిరుదులతో. వేళ్లను పొత్తికడుపు ఎముకకు పైన లోతుగా దించి, కటిలో కూర్చుని ఉన్న పిరుదులను మెల్లగా పైకి, పక్కకు లేపాలి. అవి లేవకపోతే ఇక ముందుకు సాగదు. లేచాయా, ఒక చెయ్యి వాటిని పైకి నడిపిస్తుంటే రెండో చెయ్యి తలను ఎదురు దిక్కులో కిందికి దించుతుంది, బిడ్డ గడ్డం రొమ్ముకు ఆన్చి పిల్లిమొగ్గ వేసినట్టు. సగం దాటేదాకా బిగువుగా ఉంటుంది. ఆ తర్వాత చేతుల కింద ఒక్కసారి తేలికై తల జారుకుంటూ కిందికొస్తుంది. ముందుకు కుదరకపోతే వెనక్కి పిల్లిమొగ్గ వేయించి చూస్తారు. మధ్యమధ్య ఆగి గుండె చప్పుడు చూస్తూ ఉండాలి. మందగిస్తే చేతులు తీసేసి తల్లిని ఎడమ పక్కకు తిప్పుతారు, మామూలుగా కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే థియేటర్‌కే. తల్లి ఆపమంటే ఆపాల్సిందే. గట్టిగా నొక్కినట్టుంటుంది, కొందరికి బాగా నొప్పి పుడుతుంది. అయ్యాక మళ్లీ సీటీజీ. ఆర్‌హెచ్ నెగటివ్ రక్తమున్న తల్లికి, ఆమె ఒళ్లు బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ మరవకూడదు.

సుమారు సగం మందిలో బిడ్డ తిరుగుతుంది. తొలిచూలులో కాస్త తక్కువ, ముందు కాన్పయినవారిలో ఎక్కువ. ఎందుకంటే తొలిసారి పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి, పిరుదులు తొందరగా దిగిపోతాయి. కాళ్లు చాచుకున్న బిడ్డ వెన్నుకు బద్దకట్టినట్టుంటుంది, ముడుచుకోలేదు. ఉమ్మనీరు తక్కువైతే జారే చోటుండదు. మాయ ముందు గోడకు ఉంటే చేతికి పట్టు దొరకదు. తిరిగిన బిడ్డ మళ్లీ వెనక్కి తిరగడం నూటికి ఐదుకన్నా తక్కువ. తిప్పాక 24 గంటల్లో అత్యవసర సిజేరియన్ అవసరమయ్యేది 200 మందిలో ఒకరికి. మాయ అడ్డుగా ఉన్నా, ఈమధ్యే రక్తం పోయినా, ఉమ్మనీరు పోయినా, కవలలైనా, సీటీజీ బాగోలేకపోయినా చేయరు. వీళ్లను పక్కన పెడితే మిగతావారందరికీ ఈ మాట చెప్పి తీరాలి.

ఆపరేషనే మేలనేవాళ్లు 2000లో వచ్చిన టర్మ్ బ్రీచ్ ట్రయల్‌ను చూపిస్తారు. 26 దేశాల్లో 2,088 మంది తల్లులతో చేసిన పెద్ద అధ్యయనం. ముందుగా నిర్ణయించిన సిజేరియన్‌లో బిడ్డ చనిపోవడం లేదా తీవ్ర అనారోగ్యం 1.6 శాతం, మామూలు కాన్పుకు ప్రయత్నించినవారిలో 5 శాతం. ఆ తేడాను కొట్టిపారేయలేం.

కానీ ఆ అధ్యయనం పోల్చింది ఎదురుకాళ్లతో పుట్టడాన్నీ ఆపరేషన్‌నూ. తిప్పడం మేలా కాదా అని అది అడగనే లేదు. తల కిందికి వచ్చిన బిడ్డ ఇక ఎదురుకాళ్ల బిడ్డే కాదు కదా! ఎదురుకాన్పు ప్రమాదమని నమ్మేవాళ్లే అందరికన్నా ముందు తిప్పడం గురించి చెప్పాలి. ఆ 5 శాతాన్ని చూపించి తిప్పే దారి మూయడం తలకిందుల తర్కం. పైగా కోత ఒక కాన్పుతో పోయేది కాదు. తర్వాతి గర్భంలో మాయ ఆ మచ్చ మీద నాటుకుని లోపలికి పాతుకుపోయే ప్రమాదం ఉంది, కోతలు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఒక్క బిడ్డతో ఆపేవారికి ఇది చిన్న విషయం కావచ్చు, ఇంకా కనాలనుకునేవారికి కాదు.

నా అసలు బెంగ ఇంకొకటి. తిప్పడమే కాదు, ఎదురుకాన్పు చేయడం తెలిసిన చేతులూ మాయమవుతున్నాయి. ఆ అధ్యయనం తర్వాత దేశదేశాల్లో ఎదురుకాన్పులు చేయడం తగ్గింది. చూడనిది జూనియర్లు ఎలా నేర్చుకుంటారు? నేర్చినవారు లేరు కాబట్టి ఆపరేషనే క్షేమమంటారు, ఆపరేషనే చేస్తారు కాబట్టి నేర్చేవారు ఉండరు. ఫ్రాన్స్, బెల్జియంలలో 8,105 మంది తల్లులతో చేసి 2006లో వెలువరించిన ప్రెమోడా అధ్యయనంలో మామూలు కాన్పుకూ సిజేరియన్‌కూ మధ్య బిడ్డ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అక్కడ ఎదురుకాన్పు రోజువారీ పని, ఎవరికి చేయాలో గట్టిగా వడకట్టుకునేవారు. ప్రమాదం బిడ్డ తీరులో ఎంతుందో, అందుకునే చేతుల్లోనూ అంతే ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

తేదీ ఇచ్చినంతమాత్రాన బిడ్డ ఆ తేదీదాకా ఆగాలని లేదు. పిరుదులు బయటికి కనబడుతుండగా ఆస్పత్రి గుమ్మం దగ్గరికి వచ్చే తల్లి ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు చెయ్యి తెలియని మనిషి చేసే మొదటి తప్పు లాగడం. లాగితే బిడ్డ చేతులు తల పక్కకు లేచిపోతాయి, గడ్డం పైకెత్తుకుని తల ఇరుక్కుంటుంది. తెలిసినవారు బొడ్డుదాకా, ఆపై భుజాలదాకా తల్లి ముక్కుడుతోనే రానిస్తారు. మెడ వెనక జుట్టు మొదలయ్యే గీత కనబడ్డాకే తలను వంచి ఉంచి మెల్లగా తీస్తారు. చెయ్యి పెట్టకుండా ఆగడమూ నేర్చుకుంటేనే వస్తుంది. కనీసం బొమ్మల మీదైనా ఇది ప్రతి ప్రసూతి వార్డులో క్రమం తప్పక సాధన చేయించాలి.

కాబట్టి 36వ వారంలో అడగాల్సినవి: ఇక్కడ తిప్పుతారా, ఇప్పటిదాకా ఎంతమందికి తిప్పారు, లేకపోతే చేసే చోటికి పంపుతారా? తిరగకపోతే సిజేరియన్ మామూలుగా 39వ వారంలో చేస్తారు. ఈలోగా ఉమ్మనీరు పోతే నొప్పులు రాకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బిడ్డ పాదాలు కిందికి ఉన్నప్పుడు ఖాళీలోంచి బొడ్డుతాడు జారే ప్రమాదం ఎక్కువ. తాడు బయటికి కనబడితే మోకాళ్ల మీద వంగి, తల నేలకు ఆన్చి, నడుము ఎత్తి ఉంచి అంబులెన్స్‌ను పిలవాలి. 36 వారాలు దాటాక ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకు, తర్వాత తిరిగినా సరే, పుట్టిన ఆరు వారాలకు తుంటి కీలు స్కాన్ చేయించాలి. ఆపరేషన్‌కే వెళ్లాల్సివస్తే ఆ ఉదయం బల్ల ఎక్కేముందు మరోసారి స్కాన్ పెట్టమని అడగాలి. బిడ్డ తనంతట తాను తిరిగి ఉండొచ్చు.