పేదరికం ఒక్కటే కారణం కాదు

పల్లె వదిలి నగరానికి వచ్చి నిలకడైన పని దొరకని యువకులు కేవలం లేమి వల్లే అతివాద రాజకీయాల్లో చేరుతున్నారని నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత చేసిన నిర్ధారణతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 1960ల చివర బ్రెజిల్‌లోని రియో డి జనీరో మురికివాడలను అధ్యయనం చేసిన అమెరికన్ పరిశోధకురాలు జానిస్ పెర్ల్‌మన్, అక్కడి వలసదారులు తిరుగుబాటుకు కాచుకున్న గుంపు కారని, పిల్లల చదువు కోసం, స్థిరమైన ఉపాధి కోసం తాపత్రయపడే మామూలు మనుషులని 1976లో వెలువడిన తన గ్రంథంలో చూపించారు.

రష్యా అనుభవం ఇంకా ఆలోచింపజేస్తుంది. రైతులను భూస్వాములకు కట్టిపడేసిన అర్ధబానిసత్వం 1861లో రద్దయ్యాక, అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్ ఫ్యాక్టరీలకు చేరిన రైతుబిడ్డల్లో చాలామంది తమ ప్రాంతం వారితోనే కలిసి ఇరుకు గదుల్లో, ఉమ్మడి వంటతో బతికేవారు. ముందు వచ్చినవాడే వెనక వచ్చినవాడికి పని చూపించేవాడు, కొన్నిసార్లు రహస్య కరపత్రం కూడా అతని చేతి మీదుగానే అందేది. అయినా 1917 విప్లవంలో లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కులకు గట్టి అండగా నిలిచినవారు నిన్న మొన్న ఊరి నుంచి వచ్చినవారు కాదు, నగరంలో వేళ్లూనుకున్న నిపుణ లోహ కార్మికులు.

కాబట్టి ఎవరు ఎంత పేదవారన్న లెక్క కంటే, యజమాని కూలి ఎగ్గొట్టిన రోజున వలస వచ్చిన కుర్రవాడి తరఫున ఎవరు నిలబడ్డారన్నది ముఖ్యమని నా అభిప్రాయం. పోలీస్ స్టేషన్ గుమ్మం దాకా వెంట వచ్చి, ఫిర్యాదు రాసిపెట్టి, ఆ రాత్రి తలదాచుకోవడానికి చోటిచ్చినవాడు ఒక ఉద్యమ కార్యకర్త మాత్రమే అయినప్పుడు, అతని మాటకు విలువ రావడంలో ఆశ్చర్యమేముంది? కాంట్రాక్టు కార్మికులను సభ్యులుగా చేర్చుకోని సంఘాలను, ఫిర్యాదు తీసుకోని కార్యాలయాలను వ్యాసం అసలు ప్రస్తావించకపోవడం నన్ను బాధించింది.