వేడినీళ్ళకి వేపుడు కరగదండీ

"హోటల్లో కొవ్వు లేని భోజనం: ఆరు సూత్రాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట పదో తరగతి గ్రూపులో, నిన్నేమో మా బావ నుంచి, కింద మూడు దండాల బొమ్మలతో సహా. రొయ్యల మేత అమ్ముకుంటూ భీమవరం, ఆకివీడు, పాలకొల్లు తిరిగే మనిషిని. నెలలో పాతిక మధ్యాహ్నాలు మెస్సు భోజనమే. అందుకని ఓపిక చేసుకుని రాస్తున్నాను.

అన్నంలో కొవ్వు ఎక్కువట, బదులు పరోటా తినాలట. ఉడికిన అన్నం 100 గ్రాములు తీసుకుంటే కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. మనకి చేటు చేసేది విస్తట్లో పెట్టించుకునే గుట్ట. పరోటా మాటకొస్తే, నూనె పూసి పూసి మడిస్తేనే దానికి పొరలు విడతాయి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది మనం మైదా తినడానికా?

"కొలెస్ట్రాల్ లేని నూనె" వాడే హోటలైతే ఎంతైనా తినొచ్చట. గింజల్లోంచి తీసిన ఏ నూనెలోనూ అది ఉండదండీ, ఉప్పు ప్యాకెట్ మీద "ఇందులో పంచదార లేదు" అని అచ్చేసినట్టుంది. ఏ నూనైనా గ్రాముకి 9 కేలరీలే.

చేప మంచిది కాబట్టి వేపుడు కూడా మంచిదేనట. కొరమీను పాపం కొవ్వు తక్కువున్న చేపే, బాణలిలో దిగాకే లావెక్కుతుంది. ఆ నూనె పొద్దున గారెలకి పోసిందేనేమో కూడా చూసుకోవాలి. మరిగించి మరిగించి నూనె పాడయ్యేకొద్దీ అందులో పుట్టే చెడు పదార్థాలు (పోలార్ పదార్థాలంటారు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. మెస్సులో దాన్ని కొలిచేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. పులుసు అడగండి, పోయేదేం లేదు.

ముందు కీరా ముక్కలు తినమన్నారు. తినండి, ఎవరొద్దన్నారు.

నాకు ఒళ్ళు మండింది అయిదో సూత్రానికి. "భోజనమయ్యాక వేడినీళ్ళలో నిమ్మకాయ పిండి తాగితే తిన్న కొవ్వంతా కరిగిపోతుంది, ఆ రోజు కొలెస్ట్రాల్ మాత్ర అక్కర్లేదు." మా పెద్దమ్మ గుండెకి స్టెంట్ వేయించుకున్న మనిషి. ఇది చదివి మూడు వారాలు మాత్ర మానేసింది. నేను వెళ్ళేసరికి వంటింటి గట్టుమీద పిండేసిన నిమ్మచెక్కలు, పక్కనే ఒక్క మాత్రా తీయని అట్ట. "ఏరా, కరిగిపోతుందంట కదా" అంది. ఏం చెప్పను? నీళ్ళలో నూనె కరగదని గిన్నెలు తోమే చేతికి తెలియదా? తిన్న కొవ్వుని చిన్నపేగులో పైత్యరసం చిదుపుతుంది, ఎంజైములు అరిగిస్తాయి. అరగడమంటే ఒంటికి పట్టడమేగానీ మాయమవడం కాదు. పైగా ఒంట్లో కొలెస్ట్రాల్ చాలామటుకు కాలేయం తయారుచేసేదే. మాత్ర తగ్గించేది దాన్ని. ఆ పూట మెస్సులో ఏం తిన్నాం, ఏం తాగాం అనేదానితో దానికి పనిలేదు. రాసిన మహానుభావుడికి ఇంత కనికట్టు తెలిస్తే మా చెరువులో మందుల ఖర్చు కూడా నిమ్మకాయతో తీర్చెయ్యమనండి. పెద్దమ్మని మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మాత్ర మళ్ళీ మొదలైంది. ఫార్వార్డ్ చేసినవాళ్ళెవరూ ఆటో ఖర్చు ఇవ్వలేదు.

ఆరోది చదివి ముందు నవ్వుకున్నాను. కూర గిన్నె వంచి, పైకి తేలిన నూనె వదిలేసి, ముక్కలు మాత్రం వడ్డించుకోమంది. వెటకారానికే మొన్న గుత్తి వంకాయ గిన్నెని రెండు నిమిషాలు ఓరగా ఆనించి పెట్టాను. వంకాయలు ఒకపక్కకి ఒదిగాయి, రెండోపక్క ఎర్రటి మడుగు. చెంచాతో తోడితే రెండు పెద్ద చెంచాలు నిండాయి. అంటే ఇంచుమించు 240 కేలరీలు, ఒక్క గిన్నెలో! ఇన్నేళ్ళూ అన్నంలో కలుపుకుని చేతివేళ్ళు నాకింది అదే. బావా, ఈ ఒక్కటీ నీదే గెలుపు. అప్పట్నుంచీ రోజూ వంచుతున్నాను.

వడ్డించే కుర్రాడికి మాత్రం నామీద అనుమానం పట్టుకుంది. "ఏటండీ, కూర బాలేదాండీ?" అని నిన్న ఇంకో గరిటెడు వేసి పోయాడు.