ఒకే ఒక్క బృందం

ఈ మధ్య లండన్‌లో ఒక చిన్న హాల్లో జోన్ లిటిల్‌వుడ్ జీవితం నాటకంగా చూసి వచ్చాను. వేదిక మీద ఒక కుర్చీ, ఒక టోపీ, ఒక నటి. అంతే. దర్శకుడే సర్వాధికారి అన్న మాటను జన్మలో ఒప్పుకోని బ్రిటిష్ నాటక దర్శకురాలు జోన్. రచయిత, నటులు, దీపాలు వేసే మనిషి అందరూ ఒకచోట చేరి కొట్లాడుకుంటేనే నాటకం పుడుతుందని నమ్మింది. అటువంటి మనిషికి ఏకపాత్రాభినయంతో నివాళి! ఉమ్మడి కుటుంబం గొప్పతనం గురించి సన్యాసి చేత ఉపన్యాసం ఇప్పించినట్లుంది.

ఏకపాత్రాభినయం మీద నాకు పగ లేదు. బడి వార్షికోత్సవాల్లో ఏటా మయసభ దుర్యోధనుణ్ణి భరించి పెద్దయినవాళ్ళం మనం. కానీ బుర్రకథకు కూడా ముగ్గురు కావాలి కదా! తందాన తాన అనడానికి పక్కన ఇద్దరు లేకపోతే కథకుడు తంబురా సంచిలో పెట్టుకుని ఇంటికి పోతాడు. ఇక సురభి వారికైతే మూడు తరాల కుటుంబం సరిపోదు.

నాతో వచ్చిన మా బావ తెనాలివాడు, నాటకమంటే తాతల నాటి ఆస్తి అనుకునే రకం. పావుగంట ఓపిక పట్టి నా చెవిలో అడిగాడు: "మిగతావాళ్ళు ఎప్పుడు వస్తారు బావా?"

వచ్చారు, టోపీలో. టోపీ నుదుటి మీదకు దిగితే జోన్. వెనక్కి జరిగితే ఆమె సహచరుడు జెర్రీ రాఫిల్స్. చంకలోకి వెళ్తే మొదటి భర్త, గాయకుడు యువన్ మెక్‌కాల్. జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ వంతు వచ్చేసరికి టోపీని కుర్చీ మీద పెట్టి కుర్చీతోనే మాట్లాడింది. 1955లో తన 'మదర్ కరేజ్' నాటకానికి అనుమతి ఇస్తూ, ప్రధాన పాత్ర జోనే వేయాలని బ్రెహ్ట్ పట్టుబట్టాడు. ఆ పాత్రను ఇంకొకరికి అప్పగించాలని ఆమె శతవిధాల ప్రయత్నించింది. ఈ సంగతిని వేదిక మీద ఒంటరిగా, మొత్తం వెలుగు తన మీదే వేయించుకుని నటి మనకు వివరించింది.

అసలు విందు విరామం తరువాత. 1963లో జోన్ బృందం వేసిన 'ఓ వాట్ ఎ లవ్లీ వార్'. తెల్లని విదూషక వేషాల్లో నటులు పాడుతూ ఆడుతూ ఉంటే వెనక లైట్ల పలక మీద మొదటి ప్రపంచ యుద్ధంలో చచ్చినవాళ్ళ లెక్క సాగిపోయే నాటకం అది. ఇక్కడ బ్రిటిష్ పటాలం ఎడమ నుంచి కవాతు చేసింది, ఒక్కతే. జర్మన్ పటాలం కుడి నుంచి రావాలి కాబట్టి ఒక్క పరుగున అటు వెళ్ళి వచ్చింది. తనను తాను కాల్చుకుంది. పడింది. పడిన శవాన్ని మోసుకుపోవడానికి లేచింది. సైనికులు బృందగానం అందుకున్నారు. రెండో గొంతు కోసం తల పక్కకు తిప్పింది. క్రిస్మస్ పండుగనాడు రెండు పక్షాలవారు కలుసుకుని చేతులు కలిపే ఘట్టం వచ్చింది. కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని ఊపింది. హాలంతా కన్నీరు పెట్టుకుంది. బావ మాత్రం ఆమెకు ఆయాసం వస్తోందని, ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే బాగుండునని బాధపడ్డాడు.

నటిని నేనేమీ అనను. ప్రాణం పెట్టి చేసింది. నాకు ఒళ్ళు మండింది చేతికిచ్చిన కరపత్రం చూసి. 'ఒంటరిగా పోరాడిన మహిళ' అట! ఏ ఒంటరి? 1953లో తూర్పు లండన్‌లోని థియేటర్ రాయల్‌లో దిగినప్పుడు అది పాడుబడిన కొంప. నటులే తుడిచారు, నటులే రంగులు వేశారు, అద్దెకు డబ్బులేక వేషం వేసుకునే గదుల్లోనే పడుకున్నారు. నిధులు ఇవ్వాల్సిన ఆర్ట్స్ కౌన్సిల్ ఏళ్ళ తరబడి చిల్లర విదిల్చింది. భవన నిర్మాణ కూలీల మీద నాటకం వేస్తే, సెన్సారు అనుమతించిన రాతలో లేని మాటలు అన్నారని 1958లో కోర్టుకు ఈడ్చారు. చర్చిల్ గొంతుతో మరుగుదొడ్డికి ప్రారంభోత్సవం చేశారన్నది అందులో ఒక నేరం! నాటకాలు గెలిచాక లండన్ నడిబొడ్డున వ్యాపార నాటకశాలలు నడిపే వెస్ట్ ఎండ్ పెద్దలు వచ్చి నటులను ఒక్కొక్కరినే ఎత్తుకుపోయారు. ఏళ్ళుగా కూడబెట్టుకున్న బృందం కళ్ళముందే చెదిరిపోతే విసిగి జోన్ 1961లో కొంతకాలం వదిలి వెళ్ళిపోయింది. ఆమెను ఒంటరిని చేసినవాళ్ళు ఉన్నారు. దాన్నే ఇప్పుడు బిరుదుగా అచ్చువేసి పంచుతున్నారు! పదిమందికి కూలి ఇవ్వడానికి అప్పుడూ చెయ్యి రాలేదు, ఇప్పుడూ రాదు. ఒక్క జీతంతో పని జరిగిపోతే దాని పేరు కళాత్మక సంయమనం.

బయటికి వచ్చేసరికి చినుకులు. వెనక గుమ్మం దగ్గర నటి ఒక్కతే కుర్చీని కారులోకి ఎక్కించడానికి తంటాలు పడుతోంది. బావ గబగబా వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు.

"జాగ్రత్త బావా, అది బ్రెహ్ట్ గారు" అన్నాను.